ఇంటి సంగతి, 250 మాటల్లో

ఇక్కడ అమెరికాలో మా పెద్దాడి కాలేజీ అప్లికేషన్లలో మొదటి విడత నవంబర్ 1న రాత్రి పదకొండున్నరకి వెళ్ళిపోయింది. అర్ధరాత్రి గడువు అంటే మా ఇంట్లో అర్ధరాత్రికి అరగంట ముందు అని అర్థం, అది వేరే కథ. అప్పటి నుంచీ ఫోన్ చేసినవాళ్ళల్లో సగం మంది అడుగుతున్నది ఒకటే: మార్కుల్లో కనిపించని సంగతులు చెప్పుకోవడానికి అప్లికేషన్లో ఇచ్చే ఆ అడిషనల్ ఇన్ఫర్మేషన్ డబ్బాలో ఏం రాశారు, అసలు రాయాలా, ఖాళీగా వదిలేస్తే నష్టమా? ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నా. నేను కన్సల్టెంట్‌ని కాదు, ఒక్క పిల్లాడి అప్లికేషన్ దగ్గరుండి చూసిన తల్లిని, అంతే. వాడు చదివి సరే అన్నాకే ఇది పెడుతున్నా.

ముందు మా సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2025 జనవరిలో, వాడు పదకొండో తరగతిలో ఉండగా, మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్1బీ, అంటే ఉద్యోగ వీసా, మీద ఉన్నవాళ్ళకి వివరించక్కర్లేదు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: ఆఖరి రోజు దగ్గర్నుంచి 60 రోజుల్లోపు ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే వీసాకి మారాలి, రెండూ కాకపోతే పెట్టెలు సర్దుకోవాలి. నేనూ పిల్లలూ ఆయన వీసా వెనకాల వేలాడేవాళ్ళమే. ఫ్రిజ్ మీద ఉన్న క్యాలెండర్‌లో ఎవరికీ చెప్పకుండా రోజులు కొట్టేసుకుంటూ వచ్చాను. 52వ రోజున నార్త్ కరోలినాలో ఒక కంపెనీ పిటిషన్ వేసింది. మార్చి ఆఖరి వారంలో న్యూజెర్సీలో తొమ్మిదేళ్ళు ఉన్న ఇల్లు ఖాళీ చేసి బయల్దేరాం.

పెద్దవాళ్ళకి అక్కడితో గండం గడిచింది. వాడికి అప్పుడే మొదలైందని మాకు ఆగస్టు దాకా తట్టలేదు.

ఎందుకో చెప్తాను. వాడి పాత స్కూల్లో కోర్సులన్నీ ఏడాది పొడుగునా నడుస్తాయి, సెప్టెంబర్ నుంచి జూన్ దాకా. నార్త్ కరోలినాలో చాలా హైస్కూళ్ళలో బ్లాక్ షెడ్యూల్. అంటే ఒక సెమిస్టర్‌కి నాలుగే సబ్జెక్టులు, ఒక్కో క్లాసు గంటన్నర, ఏడాది కోర్సు ఒక్క సెమిస్టర్‌లో ముగించేస్తారు. వాడు చేరిన స్కూల్లో ఏపీ కెమిస్ట్రీ (ఆంధ్రప్రదేశ్ కాదు మహాప్రభో, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) ఆగస్టులో మొదలై జనవరికల్లా అయిపోయింది. వాడు అక్కడ ముప్పాతిక వంతు చదివి వచ్చాడు, ఇక్కడ ఆ క్లాసే లేదు. నడిచే రైలు దిగి ఇంకో రైలు ఎక్కబోతే అది ఆ స్టేషన్ దాటి రెండు నెలలైనట్టు. దాంతో ట్రాన్‌స్క్రిప్ట్, అంటే గ్రేడ్ల పత్రం, మీద ఏపీ కెమిస్ట్రీ ఎదురుగా ఫైనల్ గ్రేడ్ లేదు. దాని పక్కనే న్యూజెర్సీ మూడో క్వార్టర్ గ్రేడ్లు: ప్రీకాల్క్యులస్ సీ ప్లస్, యూఎస్ హిస్టరీ బీ మైనస్. అంతకుముందు రెండేళ్ళూ ఏ, ఏ మైనస్ తప్ప ఎరగని పిల్లాడు.

ఇప్పుడు కాలేజీ అడ్మిషన్ ఆఫీసులో ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి ఆ కాగితం చూస్తే ఏమనుకుంటారు? కష్టమైన కోర్సు మధ్యలో వదిలేశాడు, లెక్కల్లో జారిపోయాడు, పదకొండులో చదువు మీద ధ్యాస తగ్గింది. అనుకోవడం వాళ్ళ తప్పు కాదు. కాగితం మీద అంతే ఉంది. ఆ డబ్బా ఉన్నది సరిగ్గా ఇందుకు.

ఇక్కడ ఒక్క నిమిషం వెనక్కి వెళ్తాను, ఎందుకంటే మన తరం తల్లిదండ్రులకి ఈ డబ్బా ఎందుకో బుర్రకెక్కకపోవడానికి కారణం ఉంది. నేను ఎంసెట్ రాసిన ఏడాది నాకు పచ్చకామెర్లు. పరీక్ష హాల్లో అమ్మ కలిపిచ్చిన గ్లూకోజ్ నీళ్ళ సీసా బెంచీ కింద పెట్టుకుని, ఒక్కో ప్రశ్నకీ మధ్య తల వాల్చి రాశాను. ర్యాంకు ఎంత దూరంలో వచ్చిందో చెప్పను. ఆ ర్యాంకు పట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఏముంది, ర్యాంకు కార్డు మీద కామెర్లకి గడి లేదు. మనకి అలవాటైన న్యాయం అది: అందరికీ ఒకే తూకం, రాయికి రాయి. ఇక్కడ వీళ్ళు ముందు నువ్వు ఏ నేల మీద నిలబడి దూకావో అడుగుతారు, తర్వాత ఎంత ఎత్తు దూకావో చూస్తారు. ఏది మంచి పద్ధతి అన్న వాదనలోకి నేను దిగను, మా ఇంట్లో ఆ వాదన ఇంకా తెగలేదు. కానీ అడిగినప్పుడు చెప్పకపోవడం మాత్రం తెలివితక్కువతనమే.

సరే, డబ్బాల లెక్క. కామన్ యాప్‌లో (ఒకే ఫారంతో చాలా కాలేజీలకి అప్లై చేసే వెబ్‌సైట్) అసలు వ్యాసం 650 మాటలు. అది కాకుండా విడిగా రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి ఛాలెంజెస్ అండ్ సర్కమ్‌స్టాన్సెస్, 250 మాటలు. ఇది కోవిడ్ రోజుల్లో 2020లో కోవిడ్ గురించి అడగడానికి పెట్టిన ప్రశ్న, తర్వాత రూపం మార్చుకుంటూ వచ్చి 2025లో ఈ పేరుతో స్థిరపడింది. రెండోది పాత కాలం నుంచీ ఉన్న అడిషనల్ ఇన్ఫర్మేషన్. ఇది మొన్నమొన్నటి దాకా 650 మాటలు, 2025 ఆగస్టు 1న తెరిచిన అప్లికేషన్ నుంచి 300కి కుదించారు. పాత వీడియోలు చూసి తయారయ్యే పిల్లలు ఇక్కడే బోల్తా పడుతున్నారు. మావాడూ పడ్డాడు. రెండూ రాసితీరాలని లేదు, ఖాళీగా వదిలేస్తే తప్పేం లేదు. చెప్పాల్సింది లేనివాళ్ళు వదిలెయ్యడమే మర్యాద, చదివేవాళ్ళకి వేల అప్లికేషన్లు ఉంటాయి.

మావాడి మొదటి డ్రాఫ్ట్ 640 మాటలు. ఆగస్టులో ఒక ఆదివారం ప్రింట్ తీసి నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉండగా తన భవిష్యత్తుని కూడా ఎవరో ఒక పెట్టెలో పెట్టి టేపు వేసేసినట్టు అనిపించిందట, అలా మొదలైంది. పాత స్నేహితులకి వీడ్కోలు, కారు వెనక అద్దంలో చిన్నదైపోతున్న ఇల్లు, కొత్త స్కూల్ క్యాంటీన్లో ఒంటరిగా తిన్న మొదటి రోజు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ క్యాంటీన్ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు మరి. కళ్ళు తుడుచుకుని రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను. 640 మాటల్లో సీ ప్లస్ అన్న మాట ఎక్కడా లేదు. కెమిస్ట్రీ అన్న మాట లేదు. ఏ నెలలో ఏం జరిగిందో లేదు. అంటే చదివినావిడ కూడా నాలాగే ఒక కన్నీటి బొట్టు రాల్చి, ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి, అదే సీ ప్లస్ చూసి, అదే అనుకుంటుంది.

"నీకు లీవ్ లెటర్ రాయడం వచ్చా?" అని అడిగాను.

వాడికి రాదు. ఇక్కడ పుట్టకపోయినా ఇక్కడే పెరిగాడు, ఇక్కడ స్కూలుకి రాకపోతే తల్లి ఆన్‌లైన్లో ఒక బటన్ నొక్కుతుంది. నాకేమో మూడో తరగతి నుంచీ వచ్చు. 'నాకు నిన్న రాత్రి నుండి జ్వరముగా ఉన్నందున ఈ రోజు, రేపు పాఠశాలకు రాలేకపోవుచున్నాను, కావున దయతో రెండు రోజులు సెలవు ఇప్పించగలరని ప్రార్థన.' ఏమైంది, ఎప్పట్నుంచి, దానివల్ల ఏం కుదరలేదు, ఎప్పుడు తిరిగొస్తాను. జ్వరం ఎంత బాధ పెట్టిందో ఎవ్వరం రాయలేదు. జ్వరం నాకు జీవితం గురించి ఏం నేర్పిందో అసలే రాయలేదు. టీచరుగారికి కావలసింది హాజరు పట్టీలో ఆ రెండు గళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయన్నది. ఈ డబ్బా కూడా అంతే, నా ఉద్దేశంలో. పట్టీలో ఖాళీ గడి పక్కన పెట్టే చీటీ. దయతో, ప్రార్థన అన్నవి కూడా తీసెయ్యొచ్చు.

ఆ క్యాంటీన్ పేరా మాత్రం పారెయ్యొద్దని చెప్పాను. అది వేరే చోట పనికొస్తుంది, నిజంగానే ఒక కాలేజీ అడిగిన చిన్న వ్యాసంలో పెట్టుకున్నాడు. వ్యాసం నువ్వెవరివో చెప్పడానికి, చీటీ నీ కాగితంలో ఏముందో చెప్పడానికి. ఈ రెండూ కలిపేసి చీటీలో కథ రాసేవాళ్ళు, వ్యాసంలో సంజాయిషీ ఇచ్చుకునేవాళ్ళు, రెండు రకాలూ నేను చూశాను.

అసలు గొడవ అక్కడ రాలేదు. మా ఆయన దగ్గర వచ్చింది. భోజనాల దగ్గర వాడు మామూలుగా, "నాన్నా, నీ ఉద్యోగం సంగతి రాస్తున్నా" అన్నాడు. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నాది నీ అప్లికేషన్లో ఎందుకురా?"

"ఎందుకంటే మనం మారింది అందుకే కదా."

"కుటుంబ కారణాల వల్ల మారాం అని రాయి. చాలు. వాళ్ళు జాలిపడి సీటిస్తారా ఏంటి?"

నేను కలగజేసుకోలేదు, నాకూ లోపల అదే గుంజుతోంది. ఇంటిగుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగిన మనుషులం. ఆ రెండు నెలల్లో ఇండియాలో మా అత్తగారికి కూడా చెప్పలేదు, ఆవిడ ప్రతి శనివారం ఫోన్లో "ఆఫీసు ఎలా ఉంది నాన్నా" అంటే ఈయన "బావుందమ్మా" అనేవాడు. అలాంటిది ఇరవై ఊళ్ళలో ఇరవై ఆఫీసుల్లో ఎవరో చదువుతారంటే మింగుడు పడదు. పైగా మగాడికి ఉద్యోగం పోవడం అంటే ఏంటో, మన ఇళ్ళలో, చెప్పుకోలేం.

"కుటుంబ కారణాలు" అన్న మాటతో ఒక చిక్కుంది. చదివేవాళ్ళు దాన్ని ఎలాగైనా పూరించుకోవచ్చు. విడాకులు కావచ్చు, కోర్టు గొడవ కావచ్చు, పిల్లాణ్ణి స్కూల్ నుంచి పంపించేశారేమో కూడా కావచ్చు. పైగా పాత స్కూలు ఎందుకు వదిలావో చెప్పమని ఫారంలోనే ఇంకో చిన్న గడి ఉంటుంది, అక్కడా ఏదో ఒకటి రాయాలి. దాచినకొద్దీ ఊహలు పెరుగుతాయి, ఉన్నది చెప్తే ఉన్నంతే ఉంటుంది. ఇదంతా నేను ఆయనకి చెప్పలేదు. వాడే లాప్‌టాప్ తెచ్చి ఆ ప్రశ్న తెరిచి ఆయన ముందు పెట్టాడు. అందులో ఉదాహరణలు వాళ్ళే ఇచ్చారు: చదువుకోవడానికి ప్రశాంతమైన చోటు లేకపోవడం, ఇంటర్నెట్ సరిగ్గా లేకపోవడం, ప్రకృతి వైపరీత్యాలు, యుద్ధం, ఆరోగ్యం, ఇంట్లో ఎవరినైనా చూసుకోవాల్సి రావడం. కుటుంబంలో వచ్చే ఒడిదుడుకులు అన్నదాని పక్కన విడాకులు, జైలు, ఉద్యోగం పోవడం, ఇంట్లో మనిషి పోవడం అని వరసగా ఉంది. ఆయన ఆ లైను రెండుసార్లు చదివాడు.

"మనకి ముందే గడి పెట్టి ఉంచారన్నమాట," అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఒప్పుకోనట్టూ కాదు.

వాడు చివరికి రాసింది ఇంగ్లీషులో 120 మాటలు కూడా లేదు. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: 'మా కుటుంబం నాన్న వర్క్ వీసా మీద ఉంది. 2025 జనవరి చివర్లో ఆయన ఉద్యోగం పోయింది, ఇంకోటి దొరకడానికి 60 రోజుల గడువు. ఆ రెండు నెలలు చెల్లిని స్కూల్ నుంచి తీసుకురావడం, రాత్రి వంట, దాని హోంవర్క్ నేను చూసుకున్నాను. మార్చి ఆఖరున నార్త్ కరోలినాకి మారాం. నా మూడో క్వార్టర్ గ్రేడ్లు, ప్రీకాల్క్యులస్ సీ ప్లస్, యూఎస్ హిస్టరీ బీ మైనస్, ఆ కాలానివి. కొత్త స్కూల్లో ప్రీకాల్క్యులస్ ఏ గ్రేడ్‌తో పూర్తి చేశాను, ఇప్పుడు ఏపీ కాల్క్యులస్ చదువుతున్నాను.' అంతే. పాపం అని ఎక్కడా అనిపించదు, గొప్ప అనీ అనిపించదు. చివరి వాక్యం లేకపోతే మాత్రం మొత్తం దండగ అని నాకు గట్టి నమ్మకం. జారాడు సరే, లేచాడా లేదా అన్నదే వాళ్ళకి కావాలి. లేవడానికి ఇంకా టైం పట్టేలా ఉంటే, అదీ చెప్పాలి.

కోర్సు గందరగోళం ఇక్కడ కలపలేదు. అది రెండో డబ్బాలో, అడిషనల్ ఇన్ఫర్మేషన్లో పెట్టాడు: పాత స్కూల్లో ఏడాది కోర్సు, కొత్త స్కూల్లో ఆగస్టు నుంచి జనవరి, అందుకే ఫైనల్ గ్రేడ్ లేదు, మిగిలిన సిలబస్ సొంతంగా చదివి మే నెలలో ఏపీ పరీక్ష రాశాను, 5కి 4 వచ్చింది. ఒకే సంగతి రెండు డబ్బాల్లో మార్చి మార్చి రాస్తే చదివేవాళ్ళకి విసుగు, మనకి మాటలు దండగ.

ఆ రెండో డబ్బాలోనే ఇంకో వాక్యం పెట్టించాను, ఇది హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. ఈ వయసులో ఇక్కడి పిల్లలు వేసవిలో కిరాణా షాపుల్లోనో, ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డ్‌గానో పనిచేస్తారు, పెయిడ్ ఇంటర్న్‌షిప్‌లు చేస్తారు. అప్లికేషన్లో యాక్టివిటీల లిస్టు అని, చదువు కాక చేసే పనులకి, ఒకటుంటుంది, అందులో దానికి విడిగా ఒక వర్గమే ఉంది. హెచ్4 మీద ఉన్న పిల్లలకి జీతం తీసుకుని పనిచేసే అనుమతి లేదు. హెచ్4 వాళ్ళకి వర్క్ పర్మిట్ అంటారే, అది కొందరు భార్యాభర్తలకే, పిల్లలకి కాదు. ఈ సంగతి మనకి కొట్టినపిండి, అక్కడ చదివేవాళ్ళకి గుర్తుంటుందని నమ్మకం లేదు. వీసా ఏంటో అప్లికేషన్లో ఎలాగూ అడుగుతారు కాబట్టి కొత్తగా బయటపెట్టేది కూడా ఏమీ లేదు. 'నా వీసా మీద జీతానికి పనిచెయ్యడం కుదరదు, ఆ గంటల్లో లైబ్రరీలో చిన్నపిల్లలకి లెక్కలు చెప్పాను.' ఒక్క వాక్యం. వీసా కష్టాల మీద పురాణం వద్దు, ఇరవై ఒకటి నిండి ఈ వీసా పోతే ఏమవుతుందో అన్న దిగులు రాత్రి మనకి ఎలాగూ ఉంటుంది, ఆ డబ్బాలో దానికి చోటు లేదు.

యాక్టివిటీల మాట వచ్చింది కాబట్టి. మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి, పేరు వద్దు, తమ్ముడికి ఆటిజం. తల్లిదండ్రులిద్దరూ షిఫ్టుల్లో పనిచేస్తారు, స్కూల్ నుంచి రాగానే వాడికి అన్నం పెట్టడం దగ్గర్నుంచి థెరపీ వాళ్ళు చెప్పిన వ్యాయామాలు చేయించడం దాకా ఈ పిల్లదే. యాక్టివిటీల లిస్టులో పది గళ్ళుంటే నాలుగే నింపింది. "మరి తమ్ముడి సంగతో?" అంటే వాళ్ళమ్మ నోరు నొక్కుకుంది, "తమ్ముణ్ణి చూసుకోవడం కూడా యాక్టివిటీయేనా వదినా, ఎవరైనా నవ్విపోతారు." నవ్వరు. ఆ లిస్టులో కుటుంబ బాధ్యతలు అని ఒక రకమే ఉంది. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. లెక్కేస్తే వారానికి 18 గంటలు తేలింది, మిగతా నాలుగూ కలిపినా అంత లేవు. వివరణకి 150 అక్షరాలే, మాటలు కాదు అక్షరాలు, అందులో పట్టించింది. డిబేట్ టీంలో ఎందుకు లేదో ఆ పిల్ల వేరే చెప్పాల్సిన పనే లేకపోయింది. నన్నడిగితే సగం సంగతులకి డబ్బా కంటే ఇలాంటి గడే మంచి చోటు.

ఇంకో మంచి చోటు కౌన్సెలర్, స్కూల్లో పిల్లల కాలేజీ అప్లికేషన్ల సంగతి చూసే మనిషి. దీన్ని మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు. పిల్లాడు "ఆ క్లాసు కొత్త స్కూల్లో లేదు" అంటే సాకులా వినపడుతుంది. అదే మాట స్కూలు కౌన్సెలర్ కాలేజీలకి పంపే తన లెటర్లో రాస్తే అది సమాచారం. స్కూలు ఎలాగూ తన ప్రొఫైల్ కూడా పంపుతుంది, బ్లాక్ షెడ్యూల్ సంగతీ ఏ ఏపీలు ఉన్నాయన్నదీ అందులో ఉంటాయి, కౌన్సెలర్ దాన్ని ఈ పిల్లాడికి ముడిపెట్టాలి. మా కౌన్సెలర్‌కి వీడు ఏప్రిల్ నుంచే తెలుసు, పైగా ఇక్కడ ఒక్కొక్కరి చేతి కింద వందల మంది పిల్లలు. కౌన్సెలర్ల సంఘం వాళ్ళు చెప్పేదే ఒకరికి 250 మంది, ఆ లెక్క దాటని స్కూలు నాకైతే తగల్లేదు. అందుకని సెప్టెంబర్ మొదటి వారంలోనే నాలుగు లైన్ల మెయిల్ పెట్టాం, తేదీలతో సహా. ఆవిడ వెంటనే ఫోన్ చేసి, పాత స్కూల్ కౌన్సెలర్‌తో కూడా మాట్లాడతానంది. నాలుగు లైన్లే కాబట్టి చదివింది అనుకుంటా.

ఇక ఏం రాయకూడదు. దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. టీచర్ స్ట్రిక్టు, అందుకే బీ వచ్చింది అని రాయొద్దు, ఎంత నిజమైనా సరే. ఒక్క ఏ మైనస్‌కి సంజాయిషీ ఇవ్వొద్దు, ఇంకో వ్యాసం దూర్చొద్దు, రెజ్యూమే అంటించొద్దు. ఆరోగ్యం సంగతి అయితే, ముఖ్యంగా మనసుకి సంబంధించినది అయితే, ఎంతవరకు చెప్పాలన్నది పిల్లలే తేల్చుకోవాలి, మనం కాదు. జబ్బు పేరు చెప్పి తీరాలని ఎక్కడా లేదు. ఫలానా నెలల్లో ఆరోగ్యం బాగాలేదు, ఇన్ని రోజులు స్కూల్‌కి వెళ్ళలేదు, ఇప్పుడు వైద్యం అందుతోంది, చదువు ఇలా ఉంది అని ఆపెయ్యొచ్చు.

యూసీలకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కాలేజీలకి, వేసేవాళ్ళకి లెక్క వేరు: అక్కడ ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 మాటల చొప్పున జవాబులు, వివరణలకి విడిగా 550 మాటల డబ్బా. అప్లికేషన్‌తో పాటు కౌన్సెలర్ లెటర్ అడగరు కాబట్టి మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ఇంగ్లండ్‌లో ఉన్న మా పిన్ని కూతురు అడిగింది, అక్కడ యూకాస్‌లో (అక్కడి యూనివర్సిటీలకి అప్లై చేసే చోటు) ఇలాంటివి పిల్లలు రాసేదాంట్లో కాదు, స్కూలు రాసే రిఫరెన్స్‌లో వెళ్ళాలి, దానికి అక్కడ విడిగా ఒక భాగం ఉంది. అంటే వాళ్ళు టీచర్‌కి ముందే చెప్పుకోవాలి.

డబ్బు సంగతి ఒకటి మిగిలింది, దీంట్లో మేం దాదాపు పొరపాటు చేశాం. జీతం లేని రెండు నెలల గురించి, కరిగిపోయిన దాచుకున్న డబ్బు గురించి మావాడు ఆ 250 మాటల్లో ఒక వాక్యం పెట్టాడు. తీయించాను. అది కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీస్‌కి చెప్పాల్సింది. 2026-27 చదువు సంవత్సరానికి వాళ్ళు చూసేది 2024 ఆదాయం, అంటే ఉద్యోగం నిక్షేపంలా ఉన్న సంవత్సరం. 2025లో ఏమైందో ఆ లెక్కల్లో కనిపించదు, మనంతట మనం చెప్తే తప్ప. కాలేజీల సాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో ప్రత్యేక పరిస్థితులు చెప్పుకునే చోటుంది. హెచ్4 పిల్లలకి ఫెడరల్ ఎయిడ్ ఎలాగూ రాదు, కానీ కొన్ని ప్రైవేట్ కాలేజీలు తమ సొంత డబ్బులోంచి ఇస్తాయి, వాటిల్లో చాలావరకు ఈ ఫారమే అడుగుతాయి. ఆ పని మా ఆయన మీద పెట్టాను, లెక్కలు ఆయనవే కాబట్టి. ఆయన చాలా వివరంగానే రాశాడు. కొడుకు 120 మాటల్లో చెప్పింది ఈయనకి రెండు పేజీలు పట్టింది.

ఇక అక్టోబర్ 31న, సబ్మిట్‌కి ముందు రోజు. హాలోవీన్ పిల్లలు తలుపు కొడుతుంటే చిన్నది చాక్లెట్లు పంచుతోంది. వాడు మొత్తం అప్లికేషన్ పీడీఎఫ్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టి, తప్పులుంటే చూడండి అని పైకి వెళ్ళిపోయాడు. నేను అక్షరదోషాలు చూస్తున్నా. ఈయన నా పక్కన కూర్చుని, అడక్కుండానే, ఆ పేజీ ఒక్కటి లాక్కున్నాడు. ఆగస్టు తర్వాత ఆ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలో పెన్ను తీసుకుని, 'జనవరి చివర్లో' అన్నదాన్ని కొట్టేసి పైన రాశాడు: జనవరి 14.

వాడు కిందకి వచ్చి చూశాడు. "చివర్లో కదా? నాకు చెప్పింది జనవరి 30న. నాకు గుర్తుంది, ఆ మర్నాడు ఫిజిక్స్ టెస్ట్."

"నీకు చెప్పింది ముప్పైన," అన్నాడు ఆయన. "పోయింది పద్నాలుగున. తేదీ కరెక్ట్‌గా ఉండాలి, వాళ్ళు 60 రోజులు లెక్కేసుకుంటారు."

వాడు ఫోన్ తీసి క్యాలెండర్ వెనక్కి జరిపాడు. "పద్నాలుగంటే సంక్రాంతి. ఆ రోజు సాయంత్రం మనింట్లో అందరూ ఉన్నారు కదా. నువ్వు హౌసీ ఆడించావు."

"పండగ పూట ఎందుకులే అని."

వాడు నావైపు చూశాడు, నీకు కూడా తెలుసా అన్నట్టు. నేను కాగితాలు సర్దుతున్నాను. తలుపు దగ్గర మళ్ళీ బెల్ మోగింది, చిన్నది చాక్లెట్లు అయిపోయాయని అరుస్తోంది. వాడు కుర్చీ లాక్కుని కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, తేదీ మార్చాడు.